పిలియన్ అంటే మెత్త అట!

మా ఇంట్లో ఇప్పుడు నలుగురం కాదు, ఐదుగురం. ఐదో ప్రాణి పోర్టికోలో ఉంటుంది. దానికి ఎండ తగలకూడదు, వాన పడకూడదు. ఆదివారం పొద్దున్నే తలంటు. దానికి చోటు చాలలేదని నా తులసి కుండీ గేటు పక్కకి జరిగింది. మా ఆయన దాన్ని "హిమాలయన్" అంటారు. మా అత్తయ్యగారు "ఆ గుర్రం" అంటారు. మా అమ్మాయైతే "నాన్న రెండో కూతురు" అంటుంది.

రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ళు 2016లో తెచ్చిన అడ్వెంచర్ టూరింగ్ బండి అది. 411 సీసీ ఇంజిను, దాదాపు 200 కిలోల బరువు, ముందు చక్రం 21 అంగుళాలు. అంత పెద్ద చక్రం ఎందుకండీ అని అడిగితే, రాయి అడ్డొచ్చినా గుంట అడ్డొచ్చినా ఎక్కి దిగిపోవడానికన్నారు. బండి అడుగుకీ నేలకీ మధ్య 220 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటుంది, అంటే జానెడు దాటి. మా రాజమండ్రి రోడ్లకి అది కొంచెం తక్కువేమో అని అత్తయ్యగారి అభిప్రాయం.

ఆయన దీన్ని కొన్నది 2021 చివర్లో. అంతకుముందు ఏప్రిల్, మే నెలలు ఎలా గడిచాయో మీకు చెప్పక్కర్లేదు. ఆయనతో పాటు ఇరవై ఏళ్ళు ఒకే గదిలో పనిచేసిన స్నేహితుడు పన్నెండు రోజుల్లో పోయాడు. రిటైరయ్యాక లడఖ్ చూద్దాం అని ఇద్దరూ అనుకునేవాళ్ళు. ఆ తర్వాత కొన్నాళ్ళు ఈయన రాత్రిళ్ళు పడుకోకుండా ఫోనులో కొండ దారుల వీడియోలు చూస్తూ కూర్చునేవారు. ఒకరోజు "బండి కొంటున్నాను" అన్నారు, "కొననా" అని కాదు. నేను అడ్డు చెప్పలేదు. నలభై ఏడేళ్ళ వయసులో మగవాడికి ఈ పిచ్చేమిటని మా పుట్టింటివాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఇప్పటికీ బండి కొనడం తప్పని నేను అనను. నా పేచీ వేరే.

బండి వచ్చిన నెల నుంచీ ఇంటికి పార్సిళ్ళు రావడం మొదలైంది. పడితే ఇంజిను దెబ్బతినకుండా క్రాష్ గార్డు. ఇంజిను కింద రాళ్ళు తగలకుండా బాష్ ప్లేటు. చేతులకి చలిగాలి తగలకుండా నకుల్ గార్డులు. ఈ మాట విని నేను పాండవుల్లో నకులుడికీ దీనికీ సంబంధం ఏమిటా అనుకున్నాను. బీఏలో తెలుగు చదివితే ఇలాంటి ఇబ్బందులు ఉంటాయి. తర్వాత హ్యాండిల్ ఎత్తు పెంచే రైజర్లు, పొగమంచు దీపాలు, ఫోను పెట్టుకునే క్లిప్పు, దానికి చార్జరు, ఎత్తైన గాలి అద్దం. చివరికి రెండు పక్కలా తగిలించే అల్యూమినియం పెట్టెలు, అవి తగిలించడానికి ఇనప చట్రం. పెట్టెలకీ చట్రానికీ కలిపి ఇరవై రెండు వేలు. ఇంటి లెక్కల పుస్తకం నా దగ్గరే ఉంటుంది కాబట్టి నాకు గుర్తుంది. ఏడాదిలో బండి మీద పెట్టిన అదనపు ఖర్చు అరవై వేలు దాటింది.

ఆ పుస్తకం ముందేసుకుని ఒకరోజు మధ్యాహ్నం ఒక్కో పద్దూ చదివాను. ప్రతి వస్తువూ ఆయన చేతులకో, నడుముకో, కళ్ళకో, బండి ఒంటికో. వెనక కూర్చునే నాకోసం వచ్చింది ఒక్కటీ లేదు. సరే, లేకపోతే పోయె. ఉన్నది ఒకటి పోయింది. ఆ సంగతి నాకు అప్పుడు తెలీదు.

2022 కార్తీకమాసంలో ఒక శనివారం మారేడుమిల్లి వెళ్ళాం. గోకవరం, రంపచోడవరం మీదుగా పొద్దున్నే చలిలో వెళ్తుంటే, నిజం చెప్పొద్దూ, చాలా బాగుంది. ఇరవై ఏళ్ళలో మేమిద్దరం మాత్రమే ఎక్కడికైనా వెళ్ళి ఎన్నాళ్ళయిందో లెక్కపెట్టుకున్నాను. మారేడుమిల్లిలో టీ తాగి, చింతూరు వైపు ఘాట్ రోడ్డు కొంతదూరం చూసొద్దాం అన్నారు. రెండు పక్కలా అడవి, వెదురు పొదలు, మలుపు మీద మలుపు. ఒక ఎత్తు మలుపులో ఆయన వేగం తగ్గించి గేరు మార్చారు. నన్నెవరో వెనక నుంచి మెడ పట్టి లాగినట్టయింది.

అరిచానో లేదో తెలీదు. భుజం దగ్గర పిన్నీసు ఊడి, చుడీదారు భుజం నుంచి చంక దాకా చిరిగింది. ఆ పిన్నీసు ఊడకపోతే ఇది రాయడానికి నేను ఉండేదాన్ని కాదు. బండి ఆగింది. చూస్తే నా చున్నీ వెనక చక్రం చువ్వల్లో నాలుగు చుట్లు చుట్టుకుని ఉంది. కొండలెక్కడానికి కొన్న మడత చాకు ఒకటి ఉండేది, ట్యాంకు మీద సంచీలో. కట్టెలు కోయడానికో దేనికో కొన్నారు. దాంతో చున్నీ కోశారు. ఆ చాకుకి అదే మొదటి బోణీ.

మెడ మీద ఎర్రగా వాత తేలింది. నా చేతులు వణుకుతున్నాయి. ఆయన చేతులూ వణుకుతున్నాయి, నేను చూశాను. కానీ ఆయన నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఇది: "చున్నీ సరిగ్గా పెట్టుకోవచ్చు కదా?"

మీలో చాలామందికి ఈ వాక్యం కొత్తగా ఉండదు. గిన్నె చేతిలోంచి జారితే "సరిగ్గా పట్టుకోవచ్చు కదా", కాలు జారితే "చూసి నడవచ్చు కదా". భయపడిన మగవాడు భయాన్ని కోపంగా మారుస్తాడని నాకూ తెలుసు. తెలిసినంత మాత్రాన నొప్పి తగ్గదు.

ఇంటికొచ్చాక బండి చుట్టూ తిరిగి చూశాను. వెనక చక్రం పక్కన చీర పడకుండా అడ్డంగా ఉండాల్సిన గార్డు లేదు. అడిగితే అప్పుడు చెప్పారు: పెట్టెల చట్రం బిగించేటప్పుడు అడ్డొచ్చిందని షాపువాళ్ళు ఊడదీశారట. "చూడ్డానికి కూడా బాగోదు సార్" అన్నారట. ఆ రోజు ఒక్కపూట ప్రయాణమే కదా అని పెట్టెలు ఇంట్లో వదిలేసి, ఖాళీ చట్రంతో వెళ్ళాం. అంటే చక్రానికి అడ్డం ఏమీ లేదు. ఊడదీసిన గార్డు ఎక్కడుందంటే మేడ మీద పాత పెయింటు డబ్బాల పక్కన దొరికింది. కంపెనీ వాళ్ళు ఇచ్చిందే, కొత్తగా మెరుస్తూ.

అది అలంకారం కాదండీ, చట్టం. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం ఉంది. వెనక మనిషి కూర్చునే మోటారు సైకిలుకి పట్టుకోవడానికి పిడి ఉండాలి, పాదాలు ఆన్చడానికి చోటు ఉండాలి, వెనక కూర్చున్నవాళ్ళ బట్టలు చక్రంలో చిక్కకుండా వెనక చక్రంలో కనీసం సగాన్ని కప్పే రక్షణ ఉండాలి. ఈ మూడూ లేకుండా బండి తయారు చెయ్యకూడదు. నియమం ఎంత చక్కగా రాశారో చూడండి. చీర కట్టుకున్నది తప్పనలేదు, చున్నీ వేసుకున్నది తప్పనలేదు. బట్ట చిక్కకుండా చూడాల్సింది బండే అన్నారు. మనం మాత్రం బండి కొన్న వారానికే దాన్ని పీకి మేడ మీద పడేసి, చిక్కిన చున్నీని తిడతాం.

ఇది పెద్ద బళ్ళ గొడవ మాత్రమే కాదు. మీ వీధిలో కాలేజీ కుర్రాళ్ళ బళ్ళు చూడండి, ఎన్నింటికి ఆ గార్డు ఉందో లెక్కపెట్టండి. "లుక్కు" కోసం తీసేస్తారు. ఆ బండి మీదే రేపు వాళ్ళమ్మ ఆసుపత్రికి వెళ్తుంది, వాళ్ళ అక్క చంటిపిల్లతో బస్టాండుకి వెళ్తుంది. ఒకమ్మాయి నాతో అంది, "ఆంటీ, ప్యాంటు వేసుకుంటే గొడవే ఉండదు కదా" అని. నిజమే, దూర ప్రయాణానికి ఇప్పుడు నేనూ ప్యాంటూ జాకెట్టూ వేసుకుంటున్నాను. కానీ మన రెండు రాష్ట్రాల్లో పొద్దున లేస్తే చీరతో బండెక్కే ఆడవాళ్ళు లక్షల్లో ఉంటారు. వాళ్ళందరూ బట్ట మార్చుకోవాలా, ఇనప కమ్మీ ఒకటి ఉండనివ్వాలా? ఏది తేలిక?

ఆ రాత్రి అత్తయ్యగారు నా మెడకి కొబ్బరినూనె రాస్తూ, ఎన్నడూ చెప్పని మాట చెప్పారు. మామగారికి రాజ్‌దూత్ ఉండేదట. పెళ్ళైన కొత్తలో అన్నవరం వెళ్తుంటే పట్టుచీర కొంగు చక్రంలో పడి చిరిగిందట. తను కిందపడి మోచేయి గీసుకుపోతే, దేవుడి దగ్గరికి వెళ్తూ ఏడవకూడదని కొంగు లోపలికి దోపుకుని దర్శనం చేసుకుని వచ్చారట. "మరి మామయ్యగారు ఏమన్నారు అత్తయ్యా?" అన్నాను. "ఏమంటారమ్మాయ్, సరిగ్గా కూర్చోవడం రాదా అన్నారు," అని సీసా మూత పెట్టేశారు. యాభై ఏళ్ళు అయింది. అదే వాక్యం.

నేను మూడు నెలలు ఆ బండెక్కలేదు. అలక కాదు, నిజంగా భయం. ఆయన కూడా బలవంతపెట్టలేదు. ఒక ఆదివారం తలంటు పోస్తూ పోస్తూ, గార్డు మళ్ళీ బిగించడానికి కూర్చున్నారు. చట్రం అడ్డొచ్చింది. రెండు గంటలు కుస్తీపట్టి, చివరికి వెల్డింగు షాపుకి తీసుకెళ్ళి, చట్రానికే లోపలివైపు కమ్మీలు అడ్డంగా అతికించి తెచ్చారు. మూడొందల యాభై రూపాయలు. "సారీ" లాంటి మాటేమీ అనలేదు. పద్దు పుస్తకంలో మాత్రం తనే రాశారు, "చీర గార్డు – 350" అని. ఆయన చేతిరాత ఆ పుస్తకంలో అదే మొదటిసారి.

దాన్ని పట్టుకుని నేను నా జాబితా చెప్పాను. ఊరుకుంటే మళ్ళీ అవకాశం రాదు కదండీ! మొదటిది సీటు. ఏ దూరప్రయాణపు బండైనా గంటన్నర దాటితే వెనకవాళ్ళకి నడుము పట్టేస్తుంది, నలభై దాటాక మరీనూ. మా ఊళ్ళో సీట్లు కుట్టే పెద్దవయసు సాయిబు గారు ఒకరున్నారు. ఆయన దగ్గరికి వెళ్తే మా ఆయన "వెనక ఒక అంగుళం స్పాంజి పెంచండి" అని మొదలుపెట్టారు. సాయిబు గారు ఆయన్ని ఆపి, "అమ్మా, మీరు ఎక్కి కూర్చోండి" అన్నారు. కూర్చున్నాను. మోకాళ్ళ వంపు చూశారు, పాదాలు ఎక్కడ ఆనుతున్నాయో చూశారు, నొప్పి ఏ పక్క వస్తుందో అడిగారు. "అంగుళం పెంచితే మోకాలు బాగుంటుంది, కానీ సీటు మెత్తగా ఉంటే గంటకే కూరుకుపోతారు. గట్టి స్పాంజి వెయ్యాలి, వెడల్పు పెంచాలి" అన్నారు. పద్దెనిమిది వందలు తీసుకున్నారు. ఆ బండికి సంబంధించి నన్ను ఎవరైనా ఒక ప్రశ్న అడగడం అదే మొదలు.

రెండోది, వెనక పెట్టెకి వీపు ఆనేలా దిండు. బండి ముందుకి దూకితే వెనక్కి పడిపోతానన్న బెంగ తగ్గింది. మూడోది మా ఆయనకి కూడా కొత్త సంగతే. వెనక షాక్ అబ్సార్బరుకి స్ప్రింగు బిగువు పెంచుకునే ఏర్పాటు ఉంటుంది. నవారు మంచం తెలుసు కదా? ఒక్కరు పడుకునే బిగువులో ఇద్దరు పడుకుంటే నేలకి తగులుతుంది. అంతే ఇదీ. ఒక్కరికి సరిపోయే బిగువులో ఇద్దరూ, సామానూ ఎక్కితే ప్రతి గుంటా వెనకవాళ్ళ వెన్నుపూసకి తెలుస్తుంది. టైర్లలో గాలి కూడా ఒక్కరికి ఒక లెక్క, ఇద్దరికి ఒక లెక్క. రెండూ బండితో పాటు వచ్చిన పుస్తకంలో ఉన్నాయి. ఏడాదిపాటు ఆ పుస్తకం సొరుగులో ఉంది.

ఆ పుస్తకం తిరగేస్తుంటేనే "పిలియన్" అనే మాట కనపడింది. నడిపేవాడికి తెలుగులో చోదకుడు అనో, రౌతు అనో ఏదో ఒకటి ఉంది. వెనక కూర్చునే మనిషికి మనకి మాటే లేదు. ఇంగ్లీషు మాట ఎక్కణ్ణించి వచ్చిందా అని నిఘంటువు చూస్తే, పిలియన్ అంటే అసలు మనిషే కాదు. పూర్వం గుర్రం మీద రౌతు వెనక, ముఖ్యంగా ఆడవాళ్ళు కూర్చోవడానికి వేసే మెత్తట! చర్మం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చిందట. మెత్త పేరే మనిషికి పెట్టేశారు. చదివి చాలాసేపు నవ్వుకున్నాను. నవ్వాక కొంచెం కోపం వచ్చింది.

వెనక కూర్చునే ఆడవాళ్ళే లోకంలో ఉన్నారనుకునేరు, కాదు. ఎల్స్‌పెత్ బియర్డ్ అనే బ్రిటిష్ ఆవిడ ఆర్కిటెక్చరు చదువు మధ్యలో 1982లో ఒక పాత బీఎండబ్ల్యూ బండి మీద ప్రపంచయాత్రకి బయల్దేరింది. సిడ్నీలో కొన్నాళ్ళు పనిచేసి డబ్బు కూడబెట్టుకుంటూ, అల్యూమినియం రేకులు మడిచి, రివెట్లు కొట్టి, తాళాలు పడే సామాను పెట్టెలు తన చేత్తో తనే తయారు చేసుకుంది. మా ఇంటికి ఇరవై రెండు వేలకి వచ్చిన పెట్టెలు గుర్తున్నాయా? అవే. ఈ సంగతి మా ఆయనకి రెండుసార్లు చెప్పాను. మన దగ్గరా ఉన్నారు. 2018లో హైదరాబాదు నుంచి నలుగురు ఆడవాళ్ళు బళ్ళేసుకుని మయన్మార్, థాయిలాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం చుట్టి వచ్చారు, సుమారు 17,000 కిలోమీటర్లు. వాళ్ళలో పియా బహదూర్ గారు "రోడ్ టు మెకాంగ్" అని పుస్తకం కూడా రాశారు. మా అమ్మాయి అది చదివినప్పటి నుంచి తండ్రి వంక అదోలా చూస్తోంది. ఆ గొడవ ఇంకో రోజు.

నేను మాత్రం నడపను. కాలనీ గ్రౌండులో ఒకసారి ప్రయత్నించాను. సీటు ఎత్తు 800 మిల్లీమీటర్లు, నాది ఐదడుగుల ఒక అంగుళం. మునివేళ్ళ మీద నిలబడి రెండొందల కిలోలు ఆపడం నావల్ల కాలేదు, మెల్లగా పక్కకి ఒరిగిపోయాం, నేనూ అదీ. క్రాష్ గార్డు ఎందుకు పెట్టారో అప్పుడు తెలిసింది. నడిపేవాళ్ళకి నా నమస్కారం. కానీ నడపలేనివాళ్ళకి కూడా నడుము ఉంటుంది, మెడ ఉంటుంది. వెనక కూర్చోవడం ఇష్టపడే ఆడదానికి ధైర్యం తక్కువనీ, ముందు కూర్చుంటేనే స్వేచ్ఛ అనీ ఈమధ్య కొందరు రాస్తున్నారు. నేను ఒప్పుకోను. వెనక సీట్లో నుంచి నాకు కనిపించేంత అడవి ఆయనకి కనిపించదు, ఆయన కళ్ళు రోడ్డు మీద ఉంటాయి.

చున్నీతో బండెక్కేవాళ్ళకి రెండు మాటలు చెప్పి ఊరుకుంటాను. చున్నీని మెడ చుట్టూ ముడి వెయ్యకండి, దుమ్మనీ ఎండనీ ముఖానికి చుట్టి వెనక కట్టినా కొసలు వేలాడనివ్వకండి. రెండు కొసలూ ముందుకి తెచ్చి నడుము దగ్గర లోపలికి దోపండి, లేదా సంచీలో పెట్టుకోండి. చీరైతే కొంగూ, కుచ్చిళ్ళ అంచూ ఎక్కగానే ఒకసారి చేత్తో తడిమి చూసుకోండి. హెల్మెట్ వెనకవాళ్ళకి కూడా చట్టం ప్రకారం తప్పనిసరి, బీఐఎస్ గుర్తు ఉన్నదే కొనుక్కోండి, "పక్కవీధికే కదా" అనకండి. ఎక్కేముందు వంగి చక్రం పక్కన గార్డు ఉందో లేదో చూడండి. లేకపోతే ఎక్కనని చెప్పండి. మొగుడైనా, కొడుకైనా, తమ్ముడైనా.

లడఖ్ ఇంకా వెళ్ళలేదు. వచ్చే జూన్ అంటున్నారు. మనాలి దాటాక 2020లో తెరిచిన అటల్ సొరంగం తొమ్మిది కిలోమీటర్లట, దాని తర్వాత బారాలాచా, తంగ్‌లాంగ్ కనుమలు. తంగ్‌లాంగ్ పదిహేడు వేల అడుగుల పైన. అక్కడ గాలి పల్చన, లేహ్ చేరాక ఒకటి రెండు రోజులు కదలకుండా విశ్రాంతి తీసుకోవాలట. నేను వస్తానో రానో ఇంకా చెప్పలేదు. ఆ స్నేహితుడి భార్య మొన్న ఫోన్ చేసి, "వెళ్ళు వదినా, మీ అన్నయ్య చూడాలనుకున్న చోటు" అంది. ఆ మాట తర్వాత రాననడం కష్టంగా ఉంది.

దానికి ముందు కొత్త టైర్లు వెయ్యాలట. మట్టిరోడ్డుకీ తారు రోడ్డుకీ రెండింటికీ పనికొచ్చేవి. పనిలో పనిగా పెట్టెల చట్రం కూడా మార్చి, తేలికైనది బిగిస్తారట అదే షాపులో. శనివారం పదింటికి రమ్మన్నారు. అత్తయ్యగారికి ఇడ్లీపిండి రుబ్బి పెట్టి, ఈసారి నేనూ వెళ్తున్నాను.